కొల్లేటి పాఠం

ప్రాచీన కావ్యాలలోని జలాశయ వర్ణనలు నా పరిశోధనకు విషయం. తామరలను, హంసలను, తీరవనాలను గురించి నాలుగు వందల పుటలు రాసి డాక్టరేటు పొందాను. దండి 'దశకుమార చరిత్ర'లో ఆంధ్రనగరం చెంత సముద్రాన్ని తలపించే ఒక మహాసరస్సు కనిపిస్తుంది. అది మన కొల్లేరే కావచ్చునని కొందరు పండితుల ఊహ. ఆ ఊహను గురించి పది పుటలు చర్చించిన నేను, ఏలూరులో ఉద్యోగం చేస్తూ కూడా కొల్లేటి గట్టున ఒక్కనాడూ నిలబడలేదు. ఆ లోపాన్ని నాకు ఎత్తి చూపినది ఒక విద్యార్థిని.

2006లో ఆమె మా కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతుండేది. రెండు వారాలపాటు తరగతికి రాలేదు. వచ్చిన రోజున కొంత కటువుగానే అడిగాను: "పాఠం కంటె ముఖ్యమైన పని ఏమి వచ్చిందమ్మా?"

ఆమె లేచి నిలబడి, "మా చెరువు గట్లు కొట్టేశారు మాస్టారూ. ఇంట్లో పొయ్యి వెలిగించడం లేదు" అన్నది. తరగతి నిశ్శబ్దమైపోయింది. నాకు మాట తోచలేదు.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ సహజంగా ఏర్పడిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదనీటిని అది తనలో దాచుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి విడిచిపెడుతుంది. 1970ల దశకంలో ప్రభుత్వమే సహకార సంఘాలను ఏర్పరచి అక్కడ చేపల చెరువులను ప్రోత్సహించింది. అటుపిమ్మట ధనవంతులు వచ్చారు, గట్లు పెరిగాయి, నీటి దారులు మూసుకొనిపోయాయి. 1999లో సరస్సులోని ఐదవ కాంటూరు వరకు, అనగా సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత వరకు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాకు ఎక్కింది. 2006లో ఆ గీత లోపలి చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించింది. సరస్సు ఊపిరి పీల్చుకోవడానికి అది అవసరమే. అయితే ఆ గట్లతోపాటు ఆ అమ్మాయి తండ్రి చిన్న వాటా కూడా కొట్టుకొనిపోయింది.

ఆమె చదువు మానలేదు. పర్యావరణ శాస్త్రంలో ఎం.ఎస్‌సి. పూర్తిచేసి, 2013లో ఒకనాటి సాయంకాలం మా ఇంటికి వచ్చింది. అంతర్జాతీయ పర్యావరణ సమస్యలు, సుస్థిరాభివృద్ధి అనే అంశాలలో ఉన్నత విద్యకు నెదర్లాండ్స్ వెళుతున్నానని చెప్పింది. నేను నవ్వి, "ఇంటి ముందరి చెరువును తెలుసుకోవడానికి సముద్రాలు దాటాలా అమ్మా?" అన్నాను.

"మా ఊరి సరస్సును గురించిన ఒప్పందం 1971లో ఇరాన్ దేశంలోని రామ్‌సార్ పట్టణంలో కుదిరింది మాస్టారూ. ఆ మాటలు మా ఊరిదాకా వచ్చాయి. మా ఊరివాళ్ళ మాట మాత్రం అంతదూరం వెళ్ళలేదు. అవి ఎవరు రాస్తారో, ఎలా రాస్తారో నేర్చుకోవాలి" అన్నది. నా నవ్వుకు నేనే సిగ్గుపడ్డాను.

అక్కడినుండి ఆమె రాసిన ఉత్తరాల వల్ల ఆ చదువు స్వరూపం నాకు కొంత బోధపడింది. అందులో జీవశాస్త్రం, న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం, రాజనీతి కలిసి నడుస్తాయి. 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు మొదలుకొని, వాతావరణ మార్పుపైన, జీవవైవిధ్యంపైన ఒప్పందాలు సంతకాలకు వచ్చిన 1992 నాటి రియో సదస్సు వరకు దేశాలు ఏ విధంగా వాదించుకున్నాయో, ఎక్కడ రాజీపడ్డాయో చదువుతారు. నేటి అవసరాలను తీర్చుకుంటూనే రేపటి తరాల అవసరాలకు లోటు రానీయకపోవడమే సుస్థిరాభివృద్ధి అని బ్రంట్‌లాండ్ అధ్యక్షతన వెలువడిన 1987 నాటి నివేదిక నిర్వచించింది. "నిర్వచనం బాగున్నది మాస్టారూ. నేటి అవసరం ఎవరిది అన్న దగ్గరే తగవు" అని ఆమె రాసింది.

సిద్ధాంత వ్యాసం కోసం ఆమె తిరిగి కొల్లేటికి వచ్చినప్పుడు నన్నూ తోడు రమ్మన్నది. తాటిదోనెలో వెళ్ళాము. ఆటపాక వద్ద చెట్ల నిండా గూడబాతులు. వేరొక చోట నీరు కానరాకుండా గుర్రపుడెక్క. నేను గ్రంథాలలో ఎరిగిన తామరలు ఎక్కడో కొద్దిగా కనిపించాయి. ఆమె ఇంటింటికీ తిరిగి ఏ ఏట నీరు ఎంతవరకు వచ్చిందో, ఏ చేపలు కనుమరుగయ్యాయో, గట్లు పోయాక ఎవరికి ఏ పని దొరికిందో వృద్ధులను అడిగి రాసుకున్నది.

ఆమె తండ్రి అప్పటికి గీత వెలుపల వేరొకరి చెరువుకు కాపలా ఉంటున్నాడు. ఆ రాత్రి భోజనాల వేళ కూతురిని సూటిగా అడిగాడు: "ఇంత చదివావు. నువ్వు పక్షుల పక్షమా, మన పక్షమా?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "గట్లు కొట్టడం తప్పని నేను రాయలేను నాన్నా. కొట్టేముందు మిమ్మల్ని కూర్చోబెట్టి అడగకపోవడం తప్పని మాత్రం రాస్తాను. చిత్తడినేలను వివేకంతో వాడుకోమని ఆ ఒప్పందంలోనే ఉన్నది. ఆ వివేకంలో మీ మాటకూ చోటుండాలి" అన్నది. ఆయన తృప్తిపడ్డాడని చెప్పలేను. కాని కంచం ముందునుండి లేవలేదు. కొంతసేపటికి, తన చిన్ననాడు ఉప్పుటేటి గుండా ఉప్పునీరు ఏ నెలలో ఎగదన్నేదో చెప్పసాగాడు. ఆమె చేయి కడుక్కొని, పుస్తకం తెచ్చుకొని రాసుకున్నది.

2015లో ఐక్యరాజ్యసమితి పదిహేడు సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను ప్రకటించింది. వాటిని మీరు పరీక్షల కొరకు కంఠస్థం చేస్తారు, చేయండి. అయితే విద్యార్థులారా, మీ ఊరి చెరువులోకి నీరు ఏ దారిన వస్తున్నదో, ఏ దారిన పోతున్నదో, దానిని నమ్ముకొని ఎందరు బ్రతుకుతున్నారో ఒకసారి వెళ్ళి చూడండి. నేను ఆ పని నలభై ఏళ్ళు దాటిన తరువాత చేశాను. నా శిష్యురాలు పదహారేళ్ళకే మొదలుపెట్టింది.