కప్పులు బీరువాలో, కార్డులు అటక మీద

పొన్నూరుకు రైల్లో వచ్చేవాళ్లు నిడుబ్రోలులో దిగాలి. స్టేషను బోర్డు మీద ఇప్పటికీ ఆచార్య రంగా పుట్టిన ఊరి పేరే. తెనాలి దాటాక దారికి రెండు పక్కలా వరి కోసిన మాగాణుల్లో మినుము పచ్చగా పరుచుకుంది. గుంటూరు అనగానే మిరప కల్లాలు వెతికే కళ్లకు ఈ డెల్టా పక్క ఏమీ దొరకదు. నాకు కావలసినవి పాత పోస్టుకార్డులు, బాల్ బ్యాడ్మింటన్ ఆటగాళ్లు ఒకరికొకరు రాసుకున్నవి.

పసుపుపచ్చ ఉన్ని బంతి, చెక్క బ్యాటు, పక్కకు ఐదుగురు. తంజావూరు వైపు పుట్టిన ఈ ఆట మన హైస్కూలు మైదానాల్లో పాతుకుపోయింది. 1954లో జాతీయ సమాఖ్య ఏర్పడింది. తొలి జాతీయ పోటీలు 1956లో హైదరాబాదులో జరిగాయి. 1970లో ఈ ఆటకు మొదటి అర్జున అవార్డు తెచ్చిన జమ్మలమడక పిచ్చయ్య తెలుగువాడే; వరంగల్లులో స్థిరపడి, వందేళ్లు దాటి బతికి, 2021లో పోయారు. ఆయన గురించి పత్రికలు రాశాయి. సాయంత్రం బండెక్కి పక్క ఊరికి ఆడబోయిన జట్ల సంగతి ఎవరు రాస్తారు? అమెరికాలో చిన్న ఊళ్ల బేస్‌బాల్ లీగులు 1901లోనే ఒక సంఘంగా కూడాయి. ఆ కాలపు ఆటగాళ్ల ఉత్తరాలు అక్కడ వేలంలో కొనుక్కుంటారు. మన దగ్గర అవి పాత కాగితాల కొట్టులో కిలోల లెక్కన పోతాయి.

నేను వెళ్లింది ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారి ఇంటికి. ఆయన ముందు బీరువా తెరిచి కప్పులు చూపించారు. నాకు కప్పుల మీద పెద్ద మోజు లేదు. వాటి మీద దాత పేరుంటుంది, దాత తండ్రి పేరుంటుంది, ఆడి గెలిచినవాడి పేరు మాత్రం ఉండదు.

"ఉత్తరాలేమన్నా ఉన్నాయా మాస్టారూ?"

"ఆ చెత్త నీకెందుకబ్బాయ్?" అంటూనే మనవణ్ని అటకెక్కించారు. తీగెకు గుచ్చిన కార్డుల దొంతర దిగింది. అడుగునున్నవి చిల్లులు పడి, అంచులు చెదలు తిన్నాయి. తారీఖు వేయని కార్డుకు స్టాంపే ఆధారం: 'నయా పైసలు' ఉంటే 1957కీ 1964కీ మధ్యది.

అందులో వీరగాథలేం లేవు. బంతులు మీవా మావా? రాత్రికి పడక ఎక్కడ? మా ఐదో మనిషికి బదిలీ అయింది, మీ ఊళ్లో ఎవరన్నా అరువిస్తారా? బాపట్ల నుంచి వచ్చిన ఒక కార్డు నిండా గాలి గొడవే. ముప్పై గ్రాములకు మించని ఉన్ని బంతి. సముద్రపు గాలి లేస్తే కొట్టినచోట పడదు. గాలి తగ్గేదాకా ఆగితే వెలుతురు పోతుంది, వెలుతురుంటే గాలి ఆగదు. ఆట ఎప్పుడు మొదలెట్టాలనేదాని మీదే సగం ఉత్తరాలు. ఏ రికార్డు పుస్తకంలోనూ దొరకని చరిత్ర ఇదేనని నా నమ్మకం.

మాస్టారు చదువుతున్నప్పుడు బ్యాటు పట్టినట్టే కార్డు పట్టుకున్నారు, మణికట్టు వదులుగా.

"మరి మీరు రాసినవి?"

"మేం రాసినయ్యి మా దగ్గరెందుకుంటయ్? వాళ్ల దగ్గరుంటయ్."

ఉత్తరాల వేటలో ఉన్న చిక్కే ఇది. పొన్నూరు మాటలు వినాలంటే బాపట్ల, చీరాల ఇళ్ల అటకలెక్కాలి. కార్డులు ఇవ్వనన్నారు, ఫోనులో ఫోటోలు తీసుకోనిచ్చారు. చీరాల చిరునామా ఉన్న కార్డొకటి వేరుగా తీసి చూపించారు.

"ఓడిపోయి, గాలి మీద నెట్టారు వాళ్లు. నేను గట్టిగానే జవాబు రాశా. ఆ కార్డు దొరికితే ముందు నాకు చదివి వినిపించు."

"ఇంకా ఉంచుతారా? వాళ్లావిడ ఎప్పుడో పొయ్యిలో పెట్టుంటది," అన్నారు కాఫీ తెచ్చిన అమ్మగారు.