షౌఖూ ఫికరూ

షికాగోలో ఉంటున్న మా భాంజా సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొంటాడట. నైట్ డ్యూటీలు చేసి, చెల్లి షాదీకి పంపగా మిగిలిన పైసలు. "మామూ, పాత పోర్షే బాక్‌స్టర్ సస్తాగా వస్తోంది" అన్నాడు.

"సస్తా అయింది కారే బేటా, దాని మరమ్మత్తు కాదు" అన్నాను.

మియాటా చూడమన్నాను. మాజ్దా 1989లో వాళ్ల షహర్ ఆటో షోలోనే దాన్ని తొలిసారి చూపించింది. తొలి మోడల్ ఇంజను 1.6 లీటర్లే, బరువు టన్నులోపే. మామూలు స్పీడులోనే మలుపు మలుపుకీ మజా ఇస్తుంది. అయితే అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పై రంగుకి ఫిదా కాకుండా, కారు పైకెత్తించి తలుపుల కింది రేకుకి జంగ్ పట్టిందేమో చూడాలి. సర్వీసు కాగితాలు అడగాలి. రిపేర్లకి కొంత రఖమ్ అలగ్ పెట్టుకోవాలి.

షౌఖ్‌కి ఖర్చు తప్పదు. కానీ ఇంజను చప్పుడు మారినప్పుడల్లా దిల్ ధడక్‌మంటే అది షౌఖ్ కాదు, ఫికర్.