జీతం పెరిగితే లైను తగ్గుతుందా?

సర్కారు ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు జీతాలు పెంచితే మనం లైన్లో కూర్చునే సేపు తగ్గుతుందా? ఈ ప్రశ్న మీద మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి. "జీతం పెంచితే డాక్టరుకి ఇంకో రెండు చేతులొస్తాయా?" అంటారు మా ఆయన. "కడుపు నిండకుంటే ఎవరు మాత్రం నిలబడి పనిచేస్తారు నాయనా?" అంటుంది మా అత్తమ్మ. ఆమెకి షుగరు, బీపీ. నెలనెలా మందులకు తోడు వెళ్లేది నేనే కాబట్టి, తీర్పు నా మీద పడింది.

అసలు ఆసుపత్రిలో లైను ఒకటి కాదండీ, నాలుగు. చీటీకి ఒకటి, డాక్టరుకి ఒకటి, రక్తపరీక్షకు ఒకటి, మందులకు ఒకటి. మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అని సర్కారు లెక్క. డాక్టరమ్మ మనిషికి మూడు నిమిషాలే ఇచ్చినా, వంద మందిని చూడ్డానికి అయిదు గంటలు పడుతుంది. ఆమె జీతం రెట్టింపు చేసినా ఆ అయిదు గంటలు అయిదు గంటలే. ఇంతవరకు మా ఆయన మాటే నిజం.

కానీ ఒకసారి మేం వెళ్లిన చోట, రక్తపరీక్ష చేసే అబ్బాయి కాంట్రాక్టు జీతం చాలక ప్రైవేటు ల్యాబుకు వెళ్లిపోయాడు. డాక్టరమ్మ ఉంది, మందులున్నాయి, పరీక్ష లేదు. నేను అత్తమ్మను బస్సెక్కించుకుని ఎమ్మిగనూరు వెళ్లి డబ్బిచ్చి చేయించాను. మా పక్కన కూర్చున్నామె పత్తి తీసే పని మానుకుని వచ్చింది. "మళ్లీ రావాలంటే ఇంకో రోజు కూలి పాయె" అని లేచి వెళ్లిపోయింది. ఖాళీ కుర్చీ ముందు లైను కదలదు కదా!

మా వీధి ఆశా కార్యకర్తను చూడండి. 2019లో మన రాష్ట్రంలో ఆశాలకు నెలకు 3,000 ఉన్నది 10,000 చేశారు. "అక్కా, అప్పట్లో మూడు రోజులు కూలికి పోతే ఒక రోజు ఇళ్లు తిరిగేదాన్ని. ఇప్పుడు రోజూ తిరుగుతున్నా" అంటుంది. జీతం ఆమె నడకలో వేగం పెంచలేదు, ఆమెను మన వీధిలో ఉంచింది. నెలలు నిండే పిల్లలను వేళకు పరీక్షకు పంపితే, చివరి గడియలో పరుగులు తగ్గుతాయి.

108 సంగతీ అంతే. 2020లో డ్రైవర్ల జీతం 10,000 నుంచి, సర్వీసును బట్టి 18,000 నుంచి 28,000 దాకా పెంచారు. అదే జులై ఒకటిన 108, 104 కలిపి వెయ్యికి పైగా బళ్లు రోడ్డెక్కించారు. బండి లేకుండా జీతం పెంచినా, డ్రైవరు నిలవకుండా బండి కొన్నా, నొప్పులు పడే పిల్లకు ఒరిగేదేముంది? 2023లో ఫ్యామిలీ డాక్టరు పథకం పెట్టినప్పుడు కూడా ఆరోగ్య కేంద్రానికి ఇద్దరు డాక్టర్లు అన్నారు. ఒకరు ఆసుపత్రిలో ఉంటే, ఇంకొకరు 104 బండిలో ఊళ్లకు రావాలని. అంటే పెంచాల్సింది జీతం ఒక్కటే కాదు, మనుషులను కూడా.

కాబట్టి నా తీర్పు ఇది. జీతం పని వేగం కొనదు, మనిషిని నిలుపుతుంది. నిలిచిన మనుషులు సరిపడా ఉంటేనే లైను తగ్గుతుంది. ఈసారి ఎవరైనా మన దగ్గరికి వచ్చి జీతాలు పెంచామని చెబితే, సంతోషమే అందాం. వెంటనే, ఖాళీలు ఎన్ని నింపారని కూడా అడుగుదాం. సుగ్గికి గుంటూరు పోయి నాలుగు రాళ్లు వెనకేసుకొచ్చే మన ఆడవాళ్లకు, ఆ లైన్లో పోయే ఒక్క రోజు కూలి చిన్నదేం కాదు.