రెండెకరాల ఐదు సెంట్లు

సంచికకి ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, కంప్యూటర్ సైన్సు విద్యార్థిని గనుక కంప్యూటర్ మహిమ గురించి రాస్తానని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే మొదలుపెట్టి రెండు పేజీలు రాసి చించేశా. మహిమ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పవలసింది నేను రాసిన ఒక చిన్న ప్రోగ్రాం సంగతి. అది గట్టిగా ముప్పై వరసలు లేదు. దాని మూలంగా మా ఊళ్లో ఒక మనిషి తొమ్మిది బస్తాల ధాన్యం అప్పు చెయ్యాల్సి వచ్చింది.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. రోజూ రేపల్లె రైల్లో తెనాలి వచ్చి చదువుకుంటున్నా. మా చుట్టాల్లో కొందరు హైదరాబాదులోనూ అమెరికాలోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నారు. పాత ప్రోగ్రాముల్లో జాగా కలిసొస్తుందని సంవత్సరానికి చివరి రెండంకెలే రాసుకున్నారట. 2000 వస్తే యంత్రాలు దాన్ని 1900 అనుకుంటాయేమోనని ప్రపంచమంతా గాభరా పడింది. దాని పేరే వై-టూ-కే. ఆ రెండంకెలు దిద్దటానికి వేలమంది కావలసి వచ్చారు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ వెలిసింది, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు కిటకిటలాడాయి, మన కుర్రాళ్లు విమానం ఎక్కారు. వాళ్లు వెళ్లారు గానీ పొలాలు ఇక్కడే ఉండిపోయాయి. అలా ఉండిపోయిన ఆరు చెక్కల బాగోగులు మా నాన్న చూస్తుంటాడు. కౌలుకిచ్చి, పంట చేతికొచ్చాక కౌలు ధాన్యం అమ్మి డబ్బు పంపిస్తాడు.

2024 సార్వా నూర్పిళ్ల రోజుల్లో నాన్న పెళ్లి పని మీద బాపట్ల అత్తయ్యగారింటికి వెళుతూ, "ఎంతో చదువుతున్నావు గదరా, ఈ కౌలు లెక్కలు నీ మిషన్లో వేసి ఎవరి చీటీ వాళ్లకి ఇచ్చెయ్యి" అని పుస్తకం నా చేతికిచ్చాడు. నా ఆనందం అంతా ఇంతా కాదు.

నాన్న పుస్తకంలో విస్తీర్ణం ఎకరాలు, సెంట్లుగా ఉంటుంది. 1-40 అంటే ఎకరం నలభై సెంట్లు. ఎకరానికి వంద సెంట్లు కాబట్టి మధ్యలో ఉన్న గీతని చుక్కగా మారిస్తే చాలనుకున్నా. 1-40 కాస్తా 1.40 అయింది. ఎకరానికి ఇరవై బస్తాల కౌలుతో గుణిస్తే ఇరవై ఎనిమిది. సరిపోయింది. 0-80 వేసి చూశా, పదహారు. అదీ సరిపోయింది. ఇంకేం కావాలి? రేపల్లెలో జెరాక్సు షాపుకెళ్లి ఆరు చీటీలూ అచ్చు తీయించి తెచ్చా.

ఆ ఏడే కొత్తగా కౌలుకి తీసుకున్న బాబాయి ఒకాయన ఉన్నాడు. చీటీ అందుకుని, "ఎంతని ఉందబ్బాయ్?" అన్నాడు. "యాభై బస్తాలు బాబాయ్" అన్నా. ఆయన వేళ్లు మడిచి, "ఎకరానికి ఇరవై. రెండెకరాలకి నలభై. పైన ఐదు సెంట్లకి ఒకటి. నలభై ఒకటి గదయ్యా రావాల్సింది?" అన్నాడు. నేను నవ్వి, "కంప్యూటర్ లెక్క తప్పదు బాబాయ్" అన్నా. ఆయన చీటీని ఇటూ అటూ తిప్పి చూసి, "సరేలే, చదువుకున్నోళ్లు మీకు తెలవదా" అని వెళ్లిపోయాడు.

మర్నాడు రైల్లో కూచున్నా గానీ మనసు కుదురుగా లేదు. ఆయన వేళ్లు మడవటమే కళ్ల ముందు ఆడుతోంది. వేమూరు దాటాక నోటుబుక్కు తీసి కాగితం మీద వేసి చూశా. నాన్న పుస్తకంలో ఆ చెక్క 2-5 అని ఉంది. నా ప్రోగ్రాం గీతని చుక్క చేసి 2.5 అని చదువుకుంది. అంటే రెండున్నర ఎకరాలు. ఉండవలసింది 2.05. నలభై ఐదు సెంట్ల నేల గాల్లోంచి పుట్టింది, దాని మీద తొమ్మిది బస్తాల కౌలు పుట్టింది. ఆ ఏడు మామూలు రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,300 రూపాయలు. 75 కిలోల బస్తా 1,725 చొప్పున తొమ్మిది బస్తాలకి 15,525 రూపాయలు. పురుగు ఆకు వెనక దాక్కున్నట్టు, నా తప్పు ఆ ఒక్క అంకె వెనక దాక్కుంది.

తెనాలిలో దిగి, కాలేజీకి రాకుండా మళ్లీ రేపల్లె రైలే ఎక్కా. ఆ రోజు ప్రాక్టికల్స్ ఎగ్గొట్టినందుకు మాస్టార్లు క్షమించాలి. దారిలో భట్టిప్రోలు వచ్చింది. అక్కడి స్తూపంలో దొరికిన రాతి భరిణెల మీద రెండు వేల ఏళ్లకి పైబడిన అక్షరాలున్నాయి. రాతి మీద తప్పు చెక్కితే దిద్దటానికి వీల్లేదు, నాది ఇంకా దిద్దుకోవచ్చు గదా అని ధైర్యం చెప్పుకున్నా.

నేను వెళ్లేసరికి బాబాయి బావమరిదిని అడిగి తొమ్మిది బస్తాలు సర్దుకుని, ట్రాక్టరు మాట్లాడుకుని ఉన్నాడు. విషయం చెప్పా. ఆయన కోప్పడలేదు. "మిషన్ అన్నాక తప్పు పోద్ది అబ్బాయ్. నా లెక్క ఒక్కసారి నువ్వూ వేసి చూడాల్సింది" అన్నాడు, అంతే. సాయంత్రం నాన్న వచ్చి విని, "నేను 2-05 అని రాసుంటే బాగుండేది" అని తప్పు తన మీద వేసుకున్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు, "మిగతా ఐదూ చూశావా?" అని. రాత్రి కూచుని చూశా. అవి సరిగానే ఉన్నాయి.

నా తప్పుకి పెద్ద పెద్ద తోబుట్టువులున్నాయని తర్వాత చదివి తెలుసుకున్నా. అమెరికా వాళ్లు అంగారకుడికి పంపిన ఒక నౌక, ఒక జట్టు పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెని ఇంకో జట్టు న్యూటన్లు అనుకోవటం వల్ల 1999లో నాశనమైంది. అక్కడ పోయింది యంత్రం. బ్రిటన్ పోస్టాఫీసుల్లో పోయింది మనుషుల పరువు. అక్కడ హొరైజన్ అనే ప్రోగ్రాం లేని లోటు చూపిస్తే, డబ్బు కాజేశారని పోస్టుమాస్టర్ల మీద కేసులు పెట్టారు. 1999 నుంచి 2015 దాకా తొమ్మిది వందల మందికి పైగా శిక్షలు పడ్డాయి. "మేం తియ్యలేదు మొర్రో" అన్నా వినలేదు. చివరికి 2024లో పార్లమెంటు చట్టం చేసి ఆ శిక్షలు కొట్టేయాల్సి వచ్చింది. అది చదువుతుంటే నా నవ్వు నాకే వినబడింది. "కంప్యూటర్ లెక్క తప్పదు బాబాయ్."

నాన్న వెళ్లొచ్చిన ఆ బాపట్లలోనే పుట్టింది బీపీటీ 5204, మనం తినే సాంబమసూరి. ఒక వంగడాన్ని విడుదల చేయాలంటే ఎన్నో మళ్లల్లో, ఎన్నో పంటకాలాల్లో వేసి చూస్తారు. 1986లో విడుదలైన ఆ రకానికి ఎండాకు తెగులు బెడద ఉంది. హైదరాబాదు శాస్త్రవేత్తలు తెగులుని తట్టుకునే జన్యువులు మూడు అందులోకి తెచ్చి, 2008లో మెరుగుపరచిన సాంబమసూరి ఇచ్చారు. నేనో, రెండు లెక్కలు సరిపోగానే విడుదల చేశా.

ఇప్పుడు ప్రోగ్రాములు రాసిపెట్టే కృత్రిమ మేధలు కూడా వచ్చాయి. మన ఉద్యోగాలు ఏమవుతాయోనని రైలు పెట్టెలో రోజూ చర్చే. నాకూ భయముంది. కానీ నాన్న పుస్తకంలో 2-5 అంటే ఏమిటో ఎవరైనా చెబితే తప్ప దానికి మాత్రం ఎలా తెలుస్తుంది? అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డిగారు యంత్రానికి మనిషి మాట వినటం నేర్పటానికి ఏళ్ల తరబడి శ్రమించారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. యంత్రం సంగతి సరే, ఎదుట నిలబడ్డ మనిషి మాట వినటం నేనే నేర్చుకోవాలని నాకు తెలిసొచ్చింది.

ప్రోగ్రాం దిద్దా. గీతకి ఇటున్నవి ఎకరాలు, అటున్నవి సెంట్లు అని విడదీసి, సెంట్లని వందతో భాగించి కలిపా. చీటీలో మొత్తం ఒక్కటే కాకుండా లెక్కంతా వచ్చేట్టు మార్చా. "రెండెకరాలకి 40, ఐదు సెంట్లకి 1, మొత్తం 41" అని. కొత్త చీటీ పట్టుకెళ్లి బాబాయికి చదివి వినిపించా. ఆయన మళ్లీ వేళ్లు మడిచి చూసుకుని, తల ఊపి, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.