గోడ మీది పోస్టరు, ప్లాట్‌ఫారం మీది చేపల తట్ట

రైలు బొమ్మల బల్ల ఎదురుగా నిలబడితే మీ చూపు ముందు ఎక్కడికి పోతుందండీ? ఇంజను మీదికే. ఎవరికైనా అంతే. తిరిగేది అదే, కూత పెట్టేది అదే, ఖరీదూ దానిదే. కానీ ఆ బల్ల మీద ఏ ఏడాది నడుస్తోందో ఇంజను చెప్పలేదు. ముక్కు మీద నక్షత్రం ఉన్న డబ్ల్యూపీ ఇంజన్లు మన దేశంలో దిగింది 1947లో. ఎనభైల దాకా అదే మొహంతో మెయిళ్ళు లాగాయి. అన్నేళ్ళు మారని మొహంలో సంవత్సరం ఎలా చదువుతాం?

ఏడాది చెప్పేది గోడ. గోడ మీది సినిమా పోస్టరు, టీ బడ్డీ ముందు పలక, బోగీ తలుపు పక్కన తెల్లరంగుతో గీసిన నిలువు గీతలు. ఇవేవీ డబ్బాల్లో అమ్మరు. ఎవరి చేత్తో వాళ్ళు చేసుకోవలసిందే. ఈ పూట కబుర్లన్నీ వాటి గురించే.

ముందు కొలత సంగతి చెప్పేస్తాను. నేను చేసేది 1:87. అయిదున్నర అడుగుల మనిషి 19 మిల్లీమీటర్లకు దిగుతాడు. అరవై అడుగుల తాడిచెట్టు జానెడు లోపు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు కాబట్టి ఈ లెక్కన పట్టాల మధ్య 19 పైచిలుకు ఉండాలి. బజార్లో దొరికే పట్టా 16.5 మాత్రమే, అది యూరప్ గేజి లెక్క. పట్టాలు కూడా సొంతంగా పరుచుకునే ఓపిక ఉన్నవారికి నా దండం. నా ఓపికంతా పట్టా పక్కనున్న వాటికే ఖర్చవుతుంది, అక్కడే నాకు ఆనందం.

ఇదేదో పరాయి సరదా అనుకోకండి. పుణేలో జోషి గారి చిన్నరైళ్ళ మ్యూజియం 1998 నుంచి నడుస్తోంది, వీలైతే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. కానీ అంత దూరం దేనికి? సంక్రాంతికి మన గోదావరి జిల్లాల్లో బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళు చూడండి. కింది మెట్టు దగ్గర ఇసక పోసి, మెంతులు మొలకెత్తించి పొలం అంటారు. అద్దం ముక్క పెట్టి చెరువు అంటారు. కొండపల్లి బండి ఆ పొలం గట్టున ఆగుతుంది. చిన్న లోకాన్ని చేత్తో కట్టడం మన ఆడవాళ్ళకు ఎప్పటినుంచో వచ్చిన విద్య. నేను దానికి చేర్చిందల్లా ఒక తేదీ.

ఆ తేదీ 1974 డిసెంబరు. తాడేపల్లిగూడెం గూడ్సు యార్డు ఒక చెక్క మీద, కొల్లేటి అంచున ఆకివీడు వైపు లైను ఇంకో చెక్క మీద. ఆ ఏడాదే ఎందుకంటే, అన్నీ ఆ ఏడాదే కలిసొచ్చాయండీ. ఫిబ్రవరి 1న వాల్తేరు, హైదరాబాదుల మధ్య గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైంది. రైళ్ళలో మూడో తరగతి పోయింది ఆ ఏడాదే. మే 1న 'అల్లూరి సీతారామరాజు' విడుదలైంది. సరిగ్గా వారానికి, మే 8న, దేశమంతా రైల్వే సమ్మె మొదలై 27 దాకా నడిచింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రోడ్డూ రైలూ కలిసిన వంతెన వచ్చిందీ ఆ ఏడాదే. జై ఆంధ్ర ఉద్యమం ముగిసి అప్పటికింకా రెండేళ్ళు నిండలేదు.

ఇప్పుడు యార్డు ప్రహరీ గోడ చేద్దాం. ఇటుక గోడ, పైన సున్నం. సున్నం కింద మసకగా 'జై ఆంధ్ర' అక్షరాలు. ముందు అక్షరాలు రాసి, వాటి మీద సున్నం నీళ్ళంత పలచగా తెల్లరంగు రెండు పూతలు వేస్తే, చెరిపినా చెరగని రాతలా కనబడుతుంది. పక్కన కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం. ఆ పక్కన అల్లూరి పోస్టరు. మేలో అంటించింది డిసెంబరుకి కొత్తగా ఉండకూడదు కదా. నాలుగడుగుల పోస్టరు ఈ కొలతకు 14 మిల్లీమీటర్లు. అంత చిన్నగా ముద్రించి, కాగితం వెనక గరుకు కాగితంతో రుద్ది పొరలా పలచన చెయ్యాలి. అంచు కత్తెరతో కాదు, గోటితో చింపాలి. టీ డికాషన్‌లో ముంచి ఆరబెడితే ఒక వానాకాలం చూసిన రంగు వస్తుంది. దాని మీద సగం కప్పుతూ ఇంకో పోస్టరు. ఈ గోడ పని ఇంజను కొన్నదానికంటే నాకు ఎక్కువ తృప్తినిచ్చింది.

ఏడాది ఒప్పుకున్నాక అది మన చెయ్యి పట్టుకుని ఆపుతుంది కూడా. లైను మీద కరెంటు తీగలు వద్దంటుంది, అవి గూడెం వైపే తొంభైల్లో గానీ రాలేదు. వాటి బదులు పట్టాల వెంట టెలిగ్రాఫు స్తంభాలు, వాటికి పింగాణీ గిన్నెలు, తీగల మీద ఓ పాలపిట్ట. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ అంటే నాకు ప్రాణం, కానీ అది 1977 మార్చిలో గానీ రాదు. పెట్టెలో దాచి ఉంచాను. లారీకి ఏపీ 37 అని నంబరు రాయబోతే చెయ్యి ఆగాలి, ఆ పద్ధతి 1989 తరవాతిది.

కొల్లేటి చెక్క దగ్గర ఈ నియమం మరీ గట్టిది. ఇవాళ ఏలూరు దాటి దక్షిణానికి పోతే కనుచూపు మేర చేపల చెరువులు, గట్లు, నీళ్ళు చిమ్మే ఏరేటర్లు. 1974 బల్ల మీద అవి కూడవు. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీళ్ళు పరుచుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే సరస్సే అక్కడ ఉండాలి. నీళ్ళకి పారదర్శకమైన రెజిన్ పలచటి పొరలుగా పోస్తాను, ఒక పొర ఆరాకే ఇంకొకటి. అడుగున ముందే బురద రంగు వేసి ఉంచితే లోతు వచ్చినట్టుంటుంది. గుర్రపుడెక్కకి రంపపు పొట్టు ఆకుపచ్చ రంగులో నానబెట్టింది చాలు.

గూడబాతుల సంగతి చెప్పాలి. కొల్లేరు అనగానే అందరూ వాటినే అడుగుతారు. కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశోధకుడు 1946లో ఈ ప్రాంతంలో వాటి గూళ్ళ కాలనీని గుర్తించి లోకానికి చెప్పారు. 1969కీ 1974కీ మధ్య ఆ కాలనీ ఖాళీ అయిపోయింది. అందుకని నా చెట్ల మీద గూళ్ళు లేవు. ఇప్పుడు ఆటపాకలో వాటిని కళ్ళారా చూసి వచ్చినవారికి ఇది లోటుగా తోస్తుంది. ఆ ఖాళీ చెట్లు కూడా ఆ కాలం చెప్పిన మాటే, అందుకే వాటిని అలాగే ఉంచాను.

మనుషుల దగ్గరికి వద్దాం. ఈ కొలతలో దొరికే బొమ్మలు ఎక్కువగా జర్మనీవి. కోట్లు, టోపీలు, చేతిలో గొడుగు. కోటు అంచులు చెక్కేసి, పలచటి టిష్యూ కాగితాన్ని నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో తడిపి నడుముకు చుడితే పంచె. ఆరకముందే సూదితో కుచ్చిళ్ళు తియ్యాలి. భుజాన కండువాకి అదే కాగితం సన్నటి పేలిక. కూర్చున్న మనిషి, బరువెత్తే మనిషి కావాలంటే ఆ జర్మను బొమ్మలు లొంగవు. అక్కడ కొండపల్లి వారి పద్ధతే శరణ్యం. వాళ్ళు తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో కాళ్ళూ చేతులూ అతుకుతారు. పొట్టును జల్లెడ పట్టి మెత్తగా తీసుకుంటే 19 మిల్లీమీటర్ల హమాలీకి కూడా ఆ మక్కు వంగిన వీపు ఇస్తుంది.

గూడెం అంటే ఉల్లిపాయలూ బెల్లమూ కదండీ. డిసెంబరులో చెరకు గానుగలు ఆడుతుంటాయి కాబట్టి ఎడ్లబళ్ళ నిండా బెల్లం దిమ్మలు పెట్టాను. ఒక్కో దిమ్మ మూడు మిల్లీమీటర్లు, అదీ మక్కే. అన్నీ ఒకే రంగు వెయ్యకండి. ఒక బండిలో తేనెరంగు, పక్క బండిలో నలుపు తిరిగినవి ఉంటే బేరం దానంతటదే మొదలవుతుంది. బండిచక్రం అయిదడుగులంటే పదిహేడున్నర మిల్లీమీటర్లు, ఆకులకి కొబ్బరి ఈనెలు నిలువునా చీల్చి వాడాను. ఉల్లి బస్తాలకి పాత గాజుగుడ్డ.

ఆకివీడు వైపు చెక్క మీద నాకు ఇష్టమైన మూల చేపల తట్టలది. కొల్లేటి చేప ఐసు వేసుకుని హౌరాకి రైలెక్కేది. తట్టలు అల్లడం కష్టం కాదు, ఈనె చీలికలతో గుండుసూది తల చుట్టూ అల్లుకోవచ్చు. అసలు పని తట్టల కింద ఉంది. ఐసు కరిగి కారుతుంది కాబట్టి ప్లాట్‌ఫారం తడిసి ఉండాలి. తట్ట చుట్టూ నేల రంగు ఒక పిసరు ముదురు చేసి, పైన మెరిసే వార్నిష్ చుక్క, దాన్నుంచి ప్లాట్‌ఫారం అంచు దాకా సన్నటి ధార. చూసినవాళ్ళు ముక్కు మూసుకుంటారు!

మా వీధిలో రిటైరైన పాయింట్స్‌మన్ ఒకాయన ఉన్నారు. ఎవరి బల్ల దగ్గరికి వెళ్ళినా ఆయన ముందు చూసేది రెక్క సిగ్నలు వెనక వైపు. "ముందు ఎరుపు అందరూ వేస్తారు బాబూ. వెనకాల తెలుపు, దాని మీద నల్లపట్టీ ఉందా లేదా అన్నదే చూస్తాను. నలభై ఏళ్ళు నేను చూసింది ఆ వైపే," అన్నారు. ఒంటిలైను మీద టోకెను అందించే రింగు ఆయన చెప్పగా చేసిందే. రాగితీగ చుట్టు, దాని కొసన తోలుసంచికి బదులు నల్లకాగితం మడత. పట్టుకున్న మనిషి చెయ్యి చాచి, మొహం కాస్త పక్కకి తిప్పుకుని ఉండాలట, ఇంజను ఆవిరి కొడుతుంది కదా. ఇలాంటి సంగతి ఫొటోల్లో వెతికితే దొరకదు. ఆ పని చేసినవారిని కూర్చోబెట్టి అడగాలి, వారుండగానే అడగాలి.

ఇక బోగీలు. ఎర్రమట్టి రంగు పెట్టెలు, తలుపు పక్కన తరగతి గీతలు. మూడో తరగతి రద్దయింది కాబట్టి మూడు గీతల్లో ఒకటి పోవాలి. ఆ గీత మీద రంగు పూసి, పూసిన చోటు చుట్టుపక్కల కంటే కాస్త కొత్తగా కనబడేట్టు వదిలేశాను. అర మిల్లీమీటరు మచ్చ. పెద్దవాళ్ళ చూపు దాని మీద ఆగదు. పిల్లల కళ్ళకి మాత్రం ఇట్టే దొరుకుతుంది. మొన్న పక్కింటి పిల్ల వేలు పెట్టి, "ఇక్కడేదో చెరిపేశారు, ఏమిటి అమ్మమ్మా?" అని వెనక్కి తిరిగి అడిగింది. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, చెక్క బల్లల గురించీ, కిటికీలోంచి లోపలికి తువ్వాలు విసిరి సీటు పట్టడం గురించీ, ఏలూరు నుంచి గూడెం దాకా ఒళ్ళో ఇంకొకరి పిల్లని కూర్చోబెట్టుకుని రావడం గురించీ చెప్పడం మొదలుపెట్టారు. నేను రైలు ఆపేసి, కంట్రోలరు పక్కన పెట్టి, నోట్సు పుస్తకం తీశాను.