చల్లపల్లి టు యానాం... వయా ఫ్రెంచి!

‘బోఁజూర్’ అంటే నమస్కారం. ఆ ముక్క నేర్చుకోవడానికి పారిస్ దాకా పోనక్కర్లేదు. చల్లపల్లిలో బస్సెక్కి తీరం వెంబడి యానాం దాకా వెళితే చాలు... దారి పొడవునా ఫ్రెంచి పాఠాలే!

కృష్ణా డెల్టాలో చల్లపల్లి ఓ పెద్ద కూడలి. ఒక దారి పామర్రు మీదుగా బెజవాడకు పోతుంది. ఒకటి బందరుకు, ఇంకొకటి మోపిదేవి మీదుగా అవనిగడ్డకు, రేపల్లెకు. ఊళ్లో జమీందారుల నాటి కోట, ఊరు దాటితే వరిచేలు, కాలువలు. ఈ ఊరికీ ఫ్రెంచి భాషకూ ఏమిటి సంబంధం అనిపిస్తుంది. కానీ 1750 తర్వాత కొన్నేళ్లపాటు ఇటు బందరు, అటు దివిసీమ ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోనే ఉన్నాయి.

డిగ్రీ చేతికొచ్చినా ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయ్యే కుర్రాళ్లు ఈ పల్లెల్లో తక్కువేం కాదు. కెనడాకో ఫ్రాన్సుకో వెళ్లాలంటే ఫ్రెంచి కూడా వస్తే మంచిదని ఎవరైనా అంటే, ‘ఇంగ్లీషే రాలేదు, మళ్లీ ఇంకొకటా?’ అని హడలిపోతారు. ఆ భయం ఎంతవరకూ నిజమో ఈ దారిలోనే తేల్చుకోవచ్చు.

బస్టాండే బడి

మొదటి పాఠం బస్టాండులోనే. బస్సు, రూటు, డిపో, గ్యారేజీ... ఇవన్నీ ఇంగ్లీషు మాటలే అనుకుంటాం. నిజానికి ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్ల దగ్గర తెచ్చుకున్నవే. 1826లో ఫ్రాన్సులోని నాఁత్ పట్నంలో స్తానిస్లాస్ బోద్రీ అనే ఆయన జనాన్ని ఎక్కించుకు తిరిగే గుర్రపు బళ్లు నడిపాడు. వాటికి ‘ఆమ్నిబస్’ అన్న పేరు స్థిరపడింది. అది లాటిన్ మాట, ‘అందరికీ’ అని అర్థం. దాని తోకే మన బస్సు! ఫ్రెంచిలో అది ‘బ్యూస్’. ‘జు ప్రాఁ లు బ్యూస్’ అంటే ‘నేను బస్సెక్కుతాను’ అని. టికెట్ ఎంతో తెలియాలంటే ‘సె కోఁబ్యేఁ?’ అనాలి.

ఇక దారి అడగడం. ఎడమకు ‘ఆ గోష్’, కుడికి ‘ఆ ద్రువాత్’, తిన్నగా పోవాలంటే ‘తూ ద్రువా’. చివరి రెండింటితోనే చిక్కు. చివర ‘త్’ పలికితే కుడి, పలక్కపోతే తిన్నగా. ఆ ఒక్క అక్షరం తప్పితే మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి పోవలసినవాడు బందరు దారి పడతాడు. ‘ఊ ఎ లా గార్?’ అని మాత్రం ఇక్కడ అడగొద్దు. ‘రైల్వే స్టేషను ఎక్కడ?’ అని అర్థం. చల్లపల్లికి రైలు లేదు మరి!

సరదా మాటల్లో మొదటిది ‘సినెమా’. 1895లో లూమియేర్ సోదరులు పారిస్‌లో బొమ్మలు ఆడించి చూపిన యంత్రం పేరు సినెమాతోగ్రాఫ్. మనం వాడేది అందులో ముందు సగం. చల్లపల్లికి ఈ మాట మరీ దగ్గరిది. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) చిత్రాల సారథి ఫిలిమ్స్ వెనుక నిలిచింది చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. జమీందారీని ఎండగట్టిన ‘రైతుబిడ్డ’కు జమీందారే పెట్టుబడిదారు! ‘జు వే ఓ సినెమా’ అంటే ‘నేను సినిమాకు వెళుతున్నాను’. ఈ వాక్యం చల్లపల్లివాళ్లకు వచ్చి తీరాలి.

ఘంటసాలలో సంధులు

చల్లపల్లికి దగ్గర్లోనే ఘంటసాల. పేరు వినగానే గాయకుడు గుర్తొస్తాడు గానీ, దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే ఈ ఊరు సముద్ర వ్యాపారం చేసింది. గ్రీకు భూగోళవేత్త టాలమీ రాసిన ‘కొంటకోస్సిల’ ఇదేనని చరిత్రకారులు అంటారు. ఇక్కడి బౌద్ధ స్తూపం శిల్పాలు కొన్ని ఇప్పుడు పారిస్‌లోని గిమే మ్యూజియంలో ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆంధ్రదేశపు బౌద్ధ శిల్పాలను సేకరించినవారిలో పుదుచ్చేరిలోని ఫ్రెంచి ఆచార్యుడు జూవో-దుబ్రే ముఖ్యుడు. ఊరి రాయిని చూడటానికి సముద్రాలు దాటాల్సి రావడం కాస్త మనసు నొచ్చుకునే సంగతే.

ఘంటసాల మ్యూజియంలో మిగిలిన పద్మాల ముందు నిలబడి ‘కెస్ కు సె?’ (ఇదేమిటి?) అని అడిగితే, ‘సెతఁ లోత్యూస్’ (ఇది తామర) అని జవాబు. ఇందులో ‘సె’, ‘అఁ’ రెండు వేర్వేరు మాటలు. విడిగా ఉన్నప్పుడు నోరు మెదపని ‘త్’, పక్కన అచ్చు రాగానే లేచి కూర్చుంటుంది. ‘లు’, ‘అమి’ కలిస్తే ‘లామి’, అంటే స్నేహితుడు. రాముడు, అతడు కలిసి రాముడతడు అయినట్టే! బళ్లో ఉత్వసంధి వల్లించినవాళ్లకు ఇది కొత్త కాదు.

ముక్కుతో పలికే శబ్దాలకూ మన దగ్గర సరంజామా ఉంది. పాత పుస్తకాల్లో కనిపించి, అచ్చులోంచి దాదాపు మాయమైన అరసున్నను దుమ్ము దులిపి తెచ్చుకుంటే సరి. నువ్వు, మీరు తేడా కూడా అచ్చంగా ఉంది. ‘త్యూ’ అంటే నువ్వు, ‘వూ’ అంటే మీరు. ఇంగ్లీషులో పోగొట్టుకున్న ఈ మర్యాద ఫ్రెంచిలో మళ్లీ దొరుకుతుంది.

బందరులో రంగులు

గోల్కొండ సుల్తాను అనుమతితో ఫ్రెంచి కంపెనీ 1669లో బందరులో వర్తకం మొదలుపెట్టింది. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ కోటను పట్టుకోవడంతో ఫ్రెంచి అధికారం పోయింది. ఆ రోజుల ఆనవాళ్లుగా ఫ్రెంచిపేట, ఇంగ్లీషుపాలెం, డచ్చివాళ్ల వలందపాలెం అన్న పేర్లు మిగిలాయి. ఫ్రాన్సు పేరున ఉండిపోయిన చిన్న స్థలం 1947లో మన దేశానికి వచ్చింది.

అసలు కథంతా బట్టది. బందరు, పెడన అద్దకం లాంటి మన పూల బట్టలను ఫ్రెంచివాళ్లు ‘ఏఁద్యెన్’ అన్నారు, అంటే ‘ఇండియాది’ అని. అక్కడి ఆడవాళ్లు వాటిమీద ఎంత మోజు పడ్డారంటే, సొంత నేతగాళ్లు మునిగిపోతారని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఆ నిషేధం 1759లో తొలగింది. బందరు చేజారిందీ ఆ ఏడాదే!

రంగుల పేర్లకు పెడన అద్దకాన్ని మించిన పలక ఏముంది? చిరివేరు, పటిక ఇచ్చే ఎరుపు ‘రూజ్’. ఇనుప తుక్కు, బెల్లం నీళ్లు ఊరబెట్టి తీసే నలుపు ‘నువార్’. నీలిమందు ‘బ్లొ’. సాయంత్రం మంగినపూడికి పోతే ‘లా ప్లాజ్’, అంటే సముద్రపు ఒడ్డు. చేపను ‘పువాసోఁ’ అంటారు. ‘స’ను ‘జ’ చేసి ‘పువాజోఁ’ అన్నారో, అది విషం! మచిలీ పేరుమీద వెలసిన పట్నంలో ఈ పొరపాటు అసలే చేయకూడదు.

మార్ది అంటే మంగళవారం

చల్లపల్లి మీదుగా పోయే 216వ నంబరు జాతీయ రహదారే బందరు, నరసాపురం, అమలాపురం దాటి, ఎదుర్లంక దగ్గర గోదావరి వంతెనెక్కి యానాంలో దించుతుంది. 1723లో అడుగుపెట్టిన ఫ్రెంచివాళ్లు మధ్యలో కొన్నాళ్లు తప్పుకున్నా, 1954 దాకా ఏలిన తెలుగు ఊరు ఇది. చట్టరీత్యా విలీనం 1962లో జరిగింది. బ్రిటిష్ ఇలాకాలో శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాలు చేయదలచినవాళ్లు ఇక్కడికి పరుగెత్తుకొచ్చేవారు. విదేశీ సరుకు కోసం మంగళవారం సంతకూ అలాగే వచ్చేవారు.

ఆ మంగళవారమే ‘మార్ది’. మార్స్, అంటే మన కుజుడి పేరు మీద వచ్చింది. చంద్రుడి లఁది సోమవారం. మెర్క్రది బుధుడిది, జొది గురువుది, వాఁద్రది శుక్రుడిది. ఇంగ్లీషులో ఆ గ్రహాలు టూస్‌డే, వెన్స్‌డేల వెనుక దాక్కున్నాయి. ఫ్రెంచిలో మన పంచాంగంలాగే వరసగా కనిపిస్తాయి. శనివారం ‘సమ్ది’, ఆదివారం ‘దిమాఁష్’ మాత్రం గ్రహాలతో పనిలేకుండా వేరే దారి పట్టాయి.

ఈ తీరంలో ఫ్రెంచి ఇంత సరదాగా నేర్చుకోని వాళ్లూ ఉన్నారు. 1828లో యానాం నుంచి కొద్దిమంది తెలుగు కూలీలు ఒప్పందం మీద బూర్బోఁ దీవికి ఓడెక్కారు. అదే నేటి రీయూనియన్. తర్వాత కోరంగి రేవు నుంచి మారిషస్‌కు వెళ్లినవాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరు పడింది. వాళ్లకు పలకా బలపం ఇచ్చినవాళ్లు లేరు. చెరుకు తోటలో మేస్త్రీ అరుపులే వాళ్లకు పాఠాలు. ఆకలి, భయం వాళ్ల పంతుళ్లు. అయినా నేర్చుకున్నారు. వాళ్ల మునిమనవళ్లు ఇప్పుడు ఫ్రెంచి, క్రియోల్ మాట్లాడుతున్నారు.

ఇప్పుడు ఆ అగత్యం లేదు. హైదరాబాదులో అలియాఁస్ ఫ్రాఁసేజ్ ఉంది. చెవిలో పెట్టుకుని వినడానికి ఫోను ఉంది. ‘ఏ-వన్’ అనే తొలి మెట్టుకు కావలసింది కూడా కొండంతేమీ కాదు. పేరు చెప్పుకోవడం, దారి అడగడం, ధర కనుక్కోవడం, తీరికవేళ ఏం చేస్తారో చెప్పడం... ఈ దారిలో దొరికిన ముక్కలన్నీ ఆ సరుకే.

తిరిగి చల్లపల్లి చేరితే ఇంకొక వాక్యం మిగిలే ఉంటుంది. 2014లో ఈ ఊరి డాక్టర్లు, రైతులు, ఉద్యోగులు తెల్లవారకముందే చీపుళ్లు పట్టుకుని రోడ్డెక్కారు. స్వచ్ఛ చల్లపల్లి అని పేరు పెట్టుకున్నారు. ‘లా ర్యూ ఎ ప్రోప్ర్’, వీధి శుభ్రంగా ఉంది. ఆ వీధిలో మొదటి బస్సు కోసం నిలబడ్డ కుర్రాడు పక్కవాణ్ని చూసి ‘బోఁజూర్’ అంటే నవ్వేవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. బస్సు మాత్రం అందరికీ... పేరులోనే ఉంది కదా!