రంగు గడిలో ఏం రాయాలి?

మన ఇళ్ళల్లో రంగుకు ఉన్నన్ని మాటలు ఇంక దేనికీ ఉండవేమో. ఎర్రగా ఉంది, పచ్చగా ఉంది, గోధుమ వన్నె, చామనఛాయ, నలుపైనా కళగల మొహం... బిడ్డ పుట్టగానే ఆడా మగా అని అడిగాక రెండో మాట రంగు గురించే. చెవులు చూసి "పెద్దయితే ఈ రంగుకొస్తుందిలే" అని జోస్యం చెప్పే పెద్దవాళ్ళు మా ఉదయగిరిలోనే కాదు, మీ ఊళ్ళోనూ ఉండే ఉంటారు.

మా పెద్దమ్మాయి అమెరికాలో ఉంటుంది. పోయిన వేసవిలో వచ్చినప్పుడు ఒక డాక్యుమెంటరీ చూపించింది. పేరు 'రేస్: ది పవర్ ఆఫ్ యాన్ ఇల్యూజన్'. 2003లో అక్కడి పీబీఎస్ టీవీలో మూడు భాగాలుగా వచ్చింది. ఆ ఇంగ్లీషు నాకు అందదని మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెప్పింది.

మొదటి భాగంలో రకరకాల రంగుల పిల్లలు డీఎన్‌ఏ పరీక్ష చేసుకుంటారు. తమ జాతివాళ్ళతోనే తమకు ఎక్కువ పోలిక వస్తుందనుకుంటారు. తీరా చూస్తే అలా రాదు. మరి ఒంట్లో లేని గీత సంఘంలోకి ఎలా వచ్చింది? మూడో భాగం అది చెబుతుంది. 1930ల నుంచి కొన్ని దశాబ్దాలపాటు ప్రభుత్వం హామీ ఉన్న ఇళ్ళ అప్పులు దాదాపు అన్నీ తెల్లవాళ్ళకే వెళ్ళాయి. నల్లవాళ్ళుండే పేటలకు మ్యాపుల్లో ఎర్రరంగు పూసి, అక్కడ అప్పిస్తే నష్టం అన్నారు. ఇల్లు దొరికినవాళ్ళకు ఆస్తి పెరిగింది, ఆ ఆస్తితో పిల్లలకు చదువులొచ్చాయి. ఇది చూస్తుంటే నాకేమీ కొత్తగా అనిపించలేదు. మన వైపు ఊరొకచోట, కాలనీ ఒకచోట ఎందుకుంటాయో మ్యాపు గీసి చెప్పాలా?

మన దేశం మనిషి కథ కూడా అందులో ఉంది. అప్పట్లో బయటి నుంచి వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకూ, ఆఫ్రికా సంతతివాళ్ళకూ తప్ప అమెరికా పౌరసత్వం ఇచ్చేవాళ్ళు కాదు. తకావో ఒజావా అనే జపాన్ ఆయన "నా చర్మం తెల్లగానే ఉంది కదా" అని సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. తెలుపంటే చర్మం కాదు, కాకేసియన్ జాతి అని 1922 నవంబరులో తీర్పు వచ్చింది. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ ఆయన కేసు తేలింది. ఆయన అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. "నేను ఆర్యుణ్ణి, పై కులంవాణ్ణి, అంటే కాకేసియన్‌నే" అన్నాడు. శాస్త్రం ఏం చెప్పినా, మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది అదే కోర్టు. భారతీయులకు ఆ తలుపు తెరుచుకున్నది 1946లో.

ఆ కేసు కాగితాల్లోని ఒక మాట మా అమ్మాయి చదివి చెబితే నాకు రాత్రి నిద్రపట్టలేదు. పెళ్ళి విషయంలో అమెరికా తెల్లవాడు నల్లవాణ్ణి ఎలా చూస్తాడో, మా దేశంలో పై కులంవాళ్ళు ఆదివాసులను అలాగే చూస్తారని థిండ్ తరఫున వాదించారట. మేమూ ఇంకొకళ్ళను దూరం పెడతాం, అందుకని మమ్మల్ని మీలో కలుపుకోండి అని! అయినా కలుపుకోలేదు.

ఇప్పటి సంగతి చూడండి. విజయవాడ మూలాలున్న నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా అయింది. భారత సంతతి నుంచి ఆ కిరీటం అందుకున్న మొదటి అమ్మాయి. అక్కడ కొందరు ఆమెను అరబ్బు అన్నారు, టెర్రరిస్టు అన్నారు. ఇక్కడేమో, ఈ రంగుకు మిస్ ఇండియా వచ్చేదే కాదన్నారు. తరవాత ఆమే చర్మం రంగు వివక్ష మీద 'కాంప్లెక్షన్' అని డాక్యుమెంటరీ తీయడానికి పూనుకుంది.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో మన హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను "నా దేశం వదిలి పొండి" అని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. ఆ రోజు ఎన్ని ఇళ్ళల్లో అమ్మలు ఫోను పట్టుకుని కూర్చున్నారో మీకూ గుర్తుండే ఉంటుంది. వాడు ఆయన్ని ఇరాన్ మనిషి అనుకున్నాడట. మనం ఇక్కడ ఎంతో జాగ్రత్తగా దాచుకునే కులం, గోత్రం, ఎరుపు, చామనఛాయ... అవేవీ వాడి కంటికి ఆనలేదు.

ఇదంతా నేను ఎందుకు చెబుతున్నానంటే, మా చిన్నమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఆత్మకూరులో సంబంధాలు కుదిర్చే పెద్దాయన బయోడేటా చూసి, "చామనఛాయ ఎందుకమ్మా, ఫెయిర్ అని రాయండి. అమెరికా సంబంధాలకు అదే ముందు అడుగుతారు" అన్నాడు. పాప మాట్లాడలేదు, ప్లేట్లు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను పెన్ను తీసుకుని ఆ గడి మొత్తం కొట్టేశాను. "అబ్బాయి రంగు మేం అడగడంలేదు కదన్నా. చదువు రాశాం, ఉద్యోగం రాశాం, ఫోటో ఉంది. చాలు" అన్నాను. ఇంకో రెండు సంబంధాలు తగ్గుతాయని మా ఆయన భయం. తగ్గితే తగ్గనీ.

అమెరికాలో మన పిల్లల్ని రంగు చూసి చిన్నబుచ్చితే మన కడుపు మండుతుంది, మండాలి కూడా. అయితే అదే మంట మన వసారాలో, మన పెళ్ళిచూపుల్లో, మన కాలనీ దారిలో కూడా రావద్దా? మీ ఇంట్లో బయోడేటా రాసేటప్పుడు ఆ గడిలో ఏం రాశారో నాకూ చెప్పండి.